మదనపల్లె అమ్మ బీరువాలో ఏ సీజన్‌కు ఏ చీర? పట్టు కొనేముందు ఈ లెక్క తెలుసుకోండి!

పొద్దున్నే స్వెటర్, మధ్యాహ్నానికి కాటన్, సాయంత్రానికి గొడుగు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఉండేవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఫోన్ తెరిస్తే కనిపించే 'సమ్మర్ కలెక్షన్', 'వింటర్ లుక్' వీడియోలు ఇక్కడి అమ్మలకు సగమే పనికొస్తాయి. అవి హైదరాబాద్ ఎండకో, ముంబై వానకో తీసినవి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో అమ్మ బీరువా తెరిచే ముందు చూసుకునేవి వేరే ఉన్నాయి. బయట గాలి ఎట్లుంది? ఏ జాతర దగ్గరపడింది? టమాటా రేటు ఎంత పలుకుతోంది?

ఇంకో విషయం కూడా ఉంది. ఈ వైపు పొలాల్లో మల్బరీ పండుతుంది. షెడ్లలో పట్టుపురుగులు పెరుగుతాయి. మదనపల్లె పట్టణంలోని నీరుగట్టువారిపల్లెలో మగ్గాల మీద పట్టు చీర తయారవుతుంది. అయినా ఇంట్లో పెళ్లి అనగానే చాలామంది బస్సో, రైలో ఎక్కి ఊరు దాటి వెళ్లి పట్టు కొంటారు. కొన్నది అసలు పట్టేనా? చేత్తో నేసిందేనా? ఈ రెండూ ఒకటే ప్రశ్న కాదు. అక్కడే చాలామంది మోసపోతున్నారు. అసలు ఈ ప్రాంతంలో ఏ కాలానికి ఏం కట్టాలి, పట్టు ఎలా చూసి కొనాలి, ఇంటి బడ్జెట్‌లో దాన్ని ఎలా ఇమడ్చాలి.. వివరంగా చూద్దాం.

చల్లటి గాలే అసలు కారణం

మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. పుంగనూరు, కుప్పం కూడా ఇదే పీఠభూమి మీద ఉన్నాయి. నెల్లూరు, ఒంగోలులో ఉండే ఉక్కపోత ఇక్కడ ఉండదు. ఎండ ఉంటుంది, కానీ సూర్యుడు దిగగానే గాలి చల్లబడుతుంది. ఈ గాలి మంచిదనే 1915లో మదనపల్లె దగ్గర క్షయ రోగుల కోసం శానిటోరియం పెట్టారు. ఆ ఊరికి ఆరోగ్యవరం అనే పేరు అలా వచ్చిందే.

ఇదే గాలి పట్టుపురుగుకూ సరిపోతుంది. పట్టుపురుగు బాగా పెరగాలంటే షెడ్డులో వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి, గాలిలో తేమ కూడా ఉండాలి. వేడి పెరిగితే పురుగు ఆకు తినడం తగ్గిస్తుంది, రోగాలు వస్తాయి, గూడు పలచబడుతుంది. కోస్తాలో కష్టమయ్యే ఈ పెంపకం కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె మండలాల్లో, పక్కనే కర్ణాటకలోని కోలారు వైపు నిలబడటానికి ఇదే ముఖ్య కారణం. పొద్దున లేచి ఆకు కోసి తెచ్చి, వేళకు మేత వేసి, పురుగు పండాక చంద్రికల మీదికి ఎక్కించే పనిలో సగానికి పైగా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తుంది. అంటే ఈ ప్రాంతంలో అమ్మ పట్టు కట్టుకోవడమే కాదు, చాలా ఇళ్లలో పట్టు పండించేదీ అమ్మే.

అందుకే కోస్తా అమ్మలు ఏప్రిల్ రాగానే మూట కట్టి పెట్టే పట్టు చీరను ఇక్కడ సాయంత్రం ఫంక్షన్‌కైతే మే నెలలోనూ కట్టొచ్చు. మిట్టమధ్యాహ్నం ముహూర్తమైతే మాత్రం ఆలోచించాల్సిందే.

వేసవి: కాటన్ రోజులు, జాతర రోజులు

మార్చి నుంచి జూన్ మొదటి వారం వరకు ఇంట్లో, ఆఫీసులో, స్కూల్లో కాటనే రాజు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఉన్న శ్రీకాళహస్తి కలంకారీ ఈ కాలానికి బాగా కుదురుతుంది. కరక్కాయ, మంజిష్ట వంటి సహజ రంగులతో చేత్తో గీసిన గుడ్డ అది. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయితే దుకాణంలో 'కలంకారీ' అని అమ్మే చాలా గుడ్డలు కేవలం ఆ డిజైన్‌ను మిషన్ మీద అచ్చేసినవే. రోజూ కట్టుకోవడానికి అవీ బాగానే ఉంటాయి, తప్పేం లేదు. కాకపోతే అచ్చేసినదానికి చేతిగీత ధర ఇవ్వకూడదు. అసలు కలంకారీని మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా ఉతకాలి, నీడన ఆరేయాలి.

పలుచటి కాటన్ కావాలంటే వెంకటగిరి, కాస్త గట్టిగా, అంచు నీట్‌గా ఉండాలంటే మంగళగిరి. ఆఫీసుకు వెళ్లే అమ్మలకు మంగళగిరి కాటన్‌తో ఓ సుఖం ఉంది. కుచ్చిళ్లు ఒకసారి పెడితే సాయంత్రం వరకు నిలబడతాయి.

ఇక జాతరలు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర వేసవి మొదట్లో వస్తుంది. కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర మే నెలలో జరుగుతుంది. ఆ రోజుల్లో బట్టల షాపుల్లో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ముందు వరుసలోకి వచ్చేస్తాయి. జాతరకు ఏం కట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు, కానీ ఎలా కట్టాలో మాత్రం ఒక మాట. తోపులాట, పసుపు నీళ్లు, కుంకుమ, పొంగళ్ల పొయ్యి దగ్గర పొగ.. వీటి మధ్యకు వేల రూపాయల పట్టు చీర తీసుకెళ్లకండి. కుంకుమ మరక పట్టు మీద పడితే తడి గుడ్డతో రుద్దిన కొద్దీ పాకుతుంది. నేత కాటన్ చీర, లేదంటే పట్టు-కాటన్ కలిపి నేసిన చీర చాలు. కొంగుకు పిన్ను పెట్టుకోవాలి. పొయ్యి దగ్గరకు వెళ్లేటప్పుడు సింథటిక్ అసలే వద్దు. పాలియెస్టర్ మంటకు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పిల్లలకైతే ఈ విషయం ఇంకా ముఖ్యం. మెరిసే నెట్ ఫ్రాకులు ఫొటోలో బాగుంటాయి కానీ, పొంగళ్లు పెట్టే చోట అవి ప్రమాదమే.

వేసవి సెలవుల్లో కుటుంబంతో ఎక్కడికైనా వెళ్దామంటే పెద్ద ప్లాన్ అవసరం లేదు. హార్సిలీ హిల్స్ ఎత్తు 1,265 మీటర్లు. మదనపల్లె నుంచి గంట ప్రయాణం. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టర్‌గా చేసిన హార్సిలీ ఇక్కడ ఇల్లు కట్టుకోవడంతో ఆ పేరు వచ్చింది. స్థానికంగా దీన్ని ఏనుగు మల్లమ్మ కొండ అని కూడా అంటారు. మేలో వెళ్లినా సాయంత్రం పిల్లలకు పొడుగు చేతుల చొక్కా, పెద్దవాళ్లకు ఓ శాలువా ఉండాలి. మధ్యాహ్నం వేడి చూసి ఏమీ తీసుకెళ్లనివాళ్లు చీకటి పడగానే కారెక్కి కూర్చుంటారు, ఇది మామూలే.

దారిలోనే మదనపల్లెలో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ ఉంది. 'జన గణ మన'కు ఠాగూర్ ఇంగ్లిష్ అనువాదం రాసింది 1919 ఫిబ్రవరిలో ఇక్కడే. కొండకు వెళ్లే ముందు పిల్లలకు ఈ ముక్క చెబితే కాలేజీ గేటు వైపు చూసే చూపు మారుతుంది.

వానల్లో ఏం కట్టాలి?

ఈ వైపు వానలు జూన్‌లో మొదలైనా గట్టిగా పడేది సెప్టెంబర్, అక్టోబర్‌లోనే. నవంబర్‌లో చెన్నై వైపు తుపాను వస్తే ఇక్కడా ముసురు పడుతుంది. ఈ కాలంలో కాటన్ ఆరదు. క్రేప్, జార్జెట్ పనికొస్తాయి. కుప్పం వాళ్లకు పక్కనే కర్ణాటక కాబట్టి మైసూరు పట్టు క్రేప్ బాగా తెలుసు. తేలికగా ఉంటుంది, నలగదు. స్కూల్ పిల్లలకు ఒక జత యూనిఫాం అదనంగా ఉండటమే ఈ సీజన్‌లో అసలు ఫ్యాషన్ ప్లాన్!

పలమనేరు-కుప్పం దారిలో ఉన్న కైగల్ జలపాతం వానల తర్వాతే చూడాలి. అయితే చీరతో కాదు. చుడీదార్, పట్టు ఉన్న చెప్పులు లేదా బూట్లు వేసుకోండి, రాళ్లు జారతాయి. ఆ చుట్టుపక్కలంతా కౌండిన్య అభయారణ్యం, ఏనుగులు తిరిగే ప్రాంతం. చీకటి పడకముందే రోడ్డెక్కాలి. పలమనేరులో పశువైద్య విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రం ఉంది. దాదాపు మూడడుగులు మాత్రమే ఎదిగే పుంగనూరు ఆవు జాతిని అక్కడ కాపాడుతున్నారు.

శ్రావణం వచ్చిందంటే పట్టు మాటే

వరలక్ష్మీ వ్రతంతో మొదలై దసరా, దీపావళి, కార్తీకం, మాఘం పెళ్లిళ్ల దాకా పట్టు చీరకు పని ఉంటుంది. ఇంటి ఖర్చులో బట్టల మీద పెద్ద మొత్తం పోయేదీ ఈ నెలల్లోనే. కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ముందుగా పట్టు చీర ఎలా తయారవుతుందో చూడాలి. రైతు పట్టుగూళ్లను మార్కెట్‌కు తీసుకెళ్తాడు. కర్ణాటకలోని రామనగర ఆసియాలోనే అతిపెద్ద పట్టుగూళ్ల మార్కెట్. గూళ్లను వేడినీళ్లలో వేసి దారం తీస్తారు. కిలో ముడిపట్టు రావాలంటే ఆరు నుంచి ఎనిమిది కిలోల గూళ్లు కావాలి. ఆ ముడి దారానికి సహజంగా ఓ జిగురు ఉంటుంది. దాన్ని సబ్బు నీళ్లలో ఉడికించి తీసేస్తే దాదాపు నాలుగో వంతు బరువు పోతుంది. అంటే కిలో దారం కొన్న నేతన్నకు చీరలోకి వెళ్లేది ముప్పావు కిలోనే. తర్వాత రంగు అద్దడం, కండెలు చుట్టడం, పడుగు సాగదీయడం, అచ్చులో ఒక్కో పోగు ఎక్కించడం. మగ్గం మీద నాడె ఆడటం మొదలయ్యేది ఇవన్నీ అయ్యాకే.

నీరుగట్టువారిపల్లెలో ఇది ఒక్కరు చేసే పని కాదు. మగ్గం మీద భర్త కూర్చుంటే కండెలు చుట్టేది భార్య, పోగు తెగితే అతికేది అత్త. కొన్ని ఇళ్లలో మగ్గం మీద కూర్చునేదే అమ్మ. చాలామంది సొంతంగా పట్టు కొనలేరు. పెట్టుబడి పెట్టే యజమాని పడుగు, పేక, జరీ ఇస్తే, నేసి ఇచ్చి కూలి తీసుకుంటారు. ముడిపట్టు రేటు పెరిగితే చీర ధర పెరుగుతుంది కానీ కూలి దాంతో పాటు పెరగదు. పట్టు రేటు మరీ పెరిగితే యజమాని పడుగు ఇవ్వడమే ఆపేస్తాడు, మగ్గం ఖాళీగా ఉంటుంది. షాపులో మనం "ఇంకో ఐదొందలు తగ్గించన్నా" అని అడిగేటప్పుడు ఆ ఐదొందలు చివరికి ఎవరి చేతిలోంచి తగ్గుతాయో కూడా గుర్తుంచుకుంటే మంచిది. బేరం వద్దని కాదు. తయారైన చోటికి దగ్గరగా వెళ్లి కొంటే మధ్యలో వాళ్ల లాభం తగ్గుతుంది, నేసినవాళ్ల కూలి తగ్గించాల్సిన పనుండదు.

ఇక్కడ నేసిన చీర వ్యాపారుల ద్వారా బయటి ఊళ్లకు వెళ్తుంది. అక్కడ అద్దాల షోరూంలో వెలుగు కింద పెడితే ధర మారిపోతుంది. కాంచీపురం, ధర్మవరం పట్టు చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే ఆ పేరుతో అమ్మాలంటే ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో నేసినదై ఉండాలి. షాపులో మాత్రం 'కంచి' అనే మాటను పెద్ద అంచు ఉన్న ప్రతి చీరకూ వాడేస్తున్నారు. మీరు కొనేటప్పుడు "ఇది కంచి పట్టా?" అని అడగడం కంటే "ఇది ఎక్కడ నేసింది?" అని అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే సమాధానంలోనే చాలా తెలుస్తుంది.

రెండు ప్రశ్నలు, రెండు గుర్తులు

అసలు గందరగోళం ఇక్కడే. పట్టు అసలుదా కాదా అనేది మొదటి ప్రశ్న. చేత్తో నేసిందా, మిషన్ మీద నేసిందా అనేది రెండోది.

మొదటిదానికి గుర్తు 'సిల్క్ మార్క్'. కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చిన లేబుల్ ఇది. హోలోగ్రామ్, ఒక నంబర్ ఉంటాయి. ఇది చెప్పేది ఒక్కటే.. ఇందులో వాడింది స్వచ్ఛమైన పట్టు అని. చేనేత అని ఇది చెప్పదు. రెండోదానికి 'హ్యాండ్లూమ్ మార్క్' ఉంది, 2006లో వచ్చింది. ఇది చేత్తో నేసింది అని మాత్రమే చెబుతుంది. అది పట్టా, కాటనా అన్నది వేరే చూసుకోవాలి. చేనేత పట్టు చీరకు చేనేత ధర ఇస్తున్నారంటే రెండూ అడగండి. ఒక లేబుల్ చూపించి రెండో మాట కూడా కలిపి చెప్పడం షాపుల్లో మామూలైపోయింది.

అలాగని మిషన్ మీద నేసిందంతా నకిలీ అనుకోకూడదు. కర్ణాటక ప్రభుత్వ సంస్థ తయారుచేసే మైసూరు పట్టు మిషన్ల మీదే నేస్తారు, అయినా అసలు పట్టు. సమస్య మిషన్‌ది కాదు, మిషన్ చీరను చేనేత అని చెప్పి అమ్మడానిది. చేనేతను కాపాడటానికి 1985లో కేంద్రం ఓ చట్టం చేసింది. దాని కింద 11 రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించారు. అదనపు పడుగు, పేకలతో అంచు, కొంగు డిజైన్లు నేసే పట్టు, నూలు చీరలు ఆ జాబితాలో ఉన్నాయి. వాటిని మరమగ్గాల మీద నేయడం చట్టవిరుద్ధం. చట్టం ఉంది, మరి మార్కెట్‌లో ఎందుకు దొరుకుతున్నాయి? తనిఖీలు అప్పుడప్పుడే జరుగుతాయి కాబట్టి. కొనేవాళ్లు అడగరు కాబట్టి కూడా.

లేబుల్ లేకపోతే ఎలా? పాత పద్ధతి ఒకటుంది, దారం కాల్చి చూడటం. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నల్లటి బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూస అవుతుంది. వెదురు, కలప గుజ్జుతో చేసే విస్కోస్ అయితే కాగితం కాలిన వాసన. అయితే చాలామంది చేసే పొరపాటు, కొంగు కుచ్చుల్లోంచి ఒక పోగు తీసి కాల్చి సరేననుకోవడం. అది పడుగు దారం మాత్రమే. పడుగు పట్టు పెట్టి, పేక పాలియెస్టర్ పెట్టిన చీరలు బోలెడు. అడ్డంగా వెళ్లే పేక దారం కూడా అంచు చివరి నుంచి ఒకటి లాగి కాల్చాలి. షాపు బయట, చీరకు దూరంగా చేయండి. ఇక ఉంగరంలోంచి చీర దూరితే అసలు పట్టు అనే వీడియోలు నమ్మకండి. పలుచటి పాలియెస్టర్ కూడా చక్కగా దూరుతుంది.

చేనేతను పోల్చుకోవడానికి చీరను తిరగేసి చూడండి. బుటాల వెనక దారాలు ఎలా ఉన్నాయో, అంచు పొడవునా సూదిమొనల్లాంటి సన్నటి రంధ్రాలు ఉన్నాయో చూడండి. మగ్గం మీద గుడ్డ వెడల్పు చెదరకుండా పట్టి ఉంచే కర్ర గుర్తులు అవి. నేతలో అక్కడక్కడా చిన్న తేడా కనిపిస్తే అది లోపం కాదు. కాకపోతే ఏదో ఒక్క గుర్తుతో తేల్చేయకూడదు.

పేర్లతోనూ జాగ్రత్త. ఆర్ట్ సిల్క్, సెమీ సిల్క్, కుబేర పట్టు.. ఇవన్నీ అసలు పట్టు కాదు. 'సాఫ్ట్ సిల్క్' అంటే రెండూ ఉన్నాయి, అడిగి తీరాలి. షాపులో మాట సాధారణంగా ఇలా నడుస్తుంది.

"అన్నా, ఇది ప్యూర్ పట్టేనా?"

"ప్యూరే అక్కా, పట్టుకుని చూడండి ఎంత మెత్తగా ఉందో."

"సరే, బిల్లు మీద ప్యూర్ సిల్క్, హ్యాండ్లూమ్ అని రాసిస్తారా?"

ఈ మూడో మాటకు వచ్చే జవాబు కోసమే మొదటి రెండూ. రాసిస్తానంటే మంచిది. నసిగితే చీర మళ్లీ మడతపెట్టించండి.

ధర చూసి కూడా తేల్చొచ్చు. లెక్క కోసం కిలో ముడిపట్టు 4 వేలు అనుకుందాం. ఒక చీరకు అర కిలో దారం పడితే అదే 2 వేలు. జిగురు పోయాక తగ్గే బరువు, రంగు, జరీ, రోజుల తరబడి ఇద్దరు ముగ్గురి కూలి, షాపు అద్దె ఇంకా కలపలేదు. మరి 'ప్యూర్ పట్టు, 1,499 మాత్రమే' అనే రీల్ చూస్తే ఏమనుకోవాలి? లెక్క మీరే చేసుకోండి.

జరీ కూడా ఇంతే. వెండి తీగకు బంగారు పూత వేసింది అసలు జరీ. రాగి తీగకు వెండి పూతది రెండో రకం. ప్లాస్టిక్ పొర మీద మెరుపు అద్దింది మూడో రకం. మూడూ మెరుస్తాయి. చీర ధరలో జరీ వాటా పెద్దది కాబట్టి ఏ రకమో కూడా బిల్లులో ఉండాలి.

బ్లౌజ్ చీరను మించిపోతోంది!

ఇక్కడో పిడకల వేట. పెళ్లిళ్లలో ఇప్పుడు చీర కంటే బ్లౌజ్‌కు ఎక్కువ ఖర్చవుతోంది. 'మగ్గం వర్క్' అని పిలుస్తున్నారు కానీ ఆ మగ్గానికీ నేత మగ్గానికీ సంబంధం లేదు. చెక్క ఫ్రేముకు గుడ్డ బిగించి సూదితో చేసే ఎంబ్రాయిడరీ అది. కష్టమైన పనే, కాదనట్లేదు. కానీ ఒక్క చీరకే కుదిరే రంగు బ్లౌజ్ మీద వేలు పోసేకంటే, పాత బంగారు రంగుదో, ముదురు ఆకుపచ్చదో ఒకటి చేయించుకుంటే నాలుగు చీరల మీదికి వస్తుంది. స్టైల్‌గా కనిపించే చాలామంది అమ్మలు చేసేది ఇదే. వాళ్ల దగ్గర చీరలు తక్కువ, కలిపి వాడుకునే తెలివి ఎక్కువ.

ఆన్‌లైన్ లైవ్‌లు, వాట్సాప్ గ్రూపుల్లో కొంటే మూడు పనులు చేయండి. చీర వెనక వైపు వీడియో అడగండి. లేబుల్ నంబర్ కనిపించే ఫొటో దాచుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

టమాటా రేటు, బట్టల బడ్జెట్

ఈ మూడు ఊళ్ల చుట్టూ చాలా ఇళ్ల చేతిలో డబ్బు టమాటాతో ముడిపడి ఉంది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లోనే కిలో 100 రూపాయలు దాటింది. కొన్ని వారాలకే మళ్లీ పడిపోయింది. రేటు ఉన్నప్పుడు షాపులు కిటకిట, లేనప్పుడు అవే షాపుల్లో ఫ్యాన్ల చప్పుడు. రైతు ఇళ్లలోనే కాదు, కూలీలు, ఆటోవాళ్లు, హోటళ్లు, మండీ గుమాస్తాలు.. అందరికీ ఇదే లెక్క. ఇలాంటి చోట 'నెలకు ఇంత' అనే బడ్జెట్ నిలబడదు.

ఒక ఇల్లు అనుకుందాం. నాన్నకు టమాటా తోట, అమ్మ ప్రైవేటు స్కూల్లో టీచర్, ఇద్దరు పిల్లలు, ఇంట్లో అవ్వ. అమ్మ జీతం నెలనెలా వస్తుంది, తోట డబ్బు వస్తే ఒకేసారి వస్తుంది. తెలివైన పద్ధతి ఏంటంటే యూనిఫాంలు, రోజూవారీ కాటన్లు, అవ్వకు మెత్తటి చీరలు, చలికి స్వెటర్లు జీతంలోంచి. పట్టు మాత్రం తోట డబ్బు వచ్చిన ఏడాదే. రేటు లేని ఏడాది పట్టు కోసం అప్పు చేయకూడదు, వాయిదాల్లోనూ కొనకూడదు. పట్టు చీర ఒక ఏడాది ఆగితే పోయేదేం లేదు, వడ్డీ ఆగదు.

"మరి 12 వేలు పెట్టి ఒక్క చీరా?" అని ఇంట్లో అడుగుతారు. అడగాలి కూడా. పదేళ్లలో ఆ చీర 40 సార్లు కడితే ఒక్కో కట్టుకు పడేది 300 రూపాయలు. 1,800 పెట్టి కొన్న ఫ్యాన్సీ చీర మూడుసార్లు కట్టి పక్కన పడేస్తే కట్టుకు 600. ఏది ఖరీదు? అయితే ఈ లెక్క 40 సార్లు కట్టేవాళ్లకే. 'పాడైపోతుంది' అని బీరువాలోనే దాచేవాళ్లకు 12 వేల చీర నిజంగానే ఖరీదైనది.

పన్ను విషయం కూడా చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కుట్టిన దుస్తుల్లో ఒక్కోటి 2,500 రూపాయల వరకు అయితే 5 శాతం జీఎస్టీ, అది దాటితే 18 శాతం. చీర కుట్టని గుడ్డ కాబట్టి ఎంత ధరైనా 5 శాతమే. పాపకు రెడీమేడ్ లెహంగా కొనడం, గుడ్డ కొని పావడ కుట్టించడం.. ఈ రెండింటి మధ్య తేడా ఇక్కడ బాగా తెలుస్తుంది.

చలికాలం, ఆపై బీరువా

డిసెంబర్, జనవరి పొద్దుల్లో ఇక్కడ చలి గట్టిగానే ఉంటుంది. పెళ్లిళ్లు, సంక్రాంతి కలిసొచ్చే ఈ రోజుల్లో బరువైన పట్టు హాయిగా ఉంటుంది. పైన శాలువా కప్పుకుంటే జరీ మీద గరుకు ఉన్ని రాసుకోకుండా చూసుకోండి, పోగులు లేస్తాయి. సెంటు చీర మీద కొట్టకూడదు. జరీ నల్లబడటానికి మొదటి కారణం అదే.

కట్టి విప్పిన చీరను ఆ రాత్రే మడతపెట్టొద్దు. నీడలో గాలికి ఆరనివ్వాలి. పాత తెల్లటి కాటన్ గుడ్డలో చుట్టాలి, ప్లాస్టిక్ కవర్ వద్దు. కలరా ఉండలు నేరుగా జరీకి తగలకూడదు. మూడు నెలలకోసారి మడత మార్చాలి, లేదంటే మడత గీత మీదే చీర చిట్లుతుంది. ముఖ్యంగా నవంబర్ ముసురు తర్వాత ఒకసారి అన్నీ బయటికి తీసి చూసుకోవాలి.

అంత చూసుకున్నా ఏదో ఒక రోజు చీర మడత దగ్గర చిరుగుతుంది. అప్పుడు పాపకు పట్టు పావడ అవుతుంది. టైలర్‌తో నడుము దగ్గర, అడుగున లోపలికి మడతలు వదలమని చెప్పండి, పాప ఎదిగే కొద్దీ రెండు మూడేళ్లు విప్పుకుంటూ పోవచ్చు. కొంగు ఇంకా గట్టిగా ఉంటే దాన్ని విడిగా తీసి పెట్టమనండి, బ్లౌజ్‌కో, దుపట్టాకో వస్తుంది. ఈ మాట కత్తెర వేయకముందే చెప్పాలి.